చిట్టా నుంచి ఆవర్జాకు: ఆలోచనలను రాసుకోవడం మనసుకు ఏం చేస్తుంది

పాత తెలుగు వర్తకుడి గల్లాపెట్టె పక్కన రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి చిట్టా. ఆ రోజు వచ్చినదీ పోయినదీ జరిగిన వరసలోనే, ఏ విభజనా లేకుండా అందులోకి ఎక్కేది. రెండోది ఆవర్జా. చిట్టాలో కలగాపులగంగా ఉన్న పద్దులను తీరిక చూసుకుని, పేరుపేరునా విడదీసి, ఏ ఖాతాకు చెందినవి ఆ ఖాతాలోకి ఎత్తి రాసేవారు. చిట్టా చూస్తే ఆ రోజు ఏం జరిగిందో తెలుస్తుంది కానీ, ఎవరు ఎంత బాకీ ఉన్నారో, నష్టం ఎక్కడ వస్తోందో తెలియాలంటే ఆవర్జా తెరవాల్సిందే. డబ్బు విషయంలో ఇంత పకడ్బందీగా రాసుకున్న సమాజం మనసులోని మాటను రాసుకోవడానికి మాత్రం అంతగా అలవాటు పడలేదు. జనవరిలో బ్యాంకులో, ఎరువుల కొట్టులో ఇచ్చే డైరీలు ఇంటికి వచ్చాక వాటిలో పాల లెక్కలు, చీటీ వాయిదాలు, గ్యాస్ బండ మార్చిన తేదీలు చేరతాయి. మనసును కలతపెట్టిన విషయాలు సాధారణంగా అక్కడికి రావు.

ఆలోచనలను క్రమం తప్పకుండా రాసుకుంటే మనసు తేలికపడుతుందన్న సలహా ఇప్పుడు తరచుగా వినిపిస్తోంది. గుండెలోని బరువు కాగితం మీదకు దించుకోవాలని, కడుపులో ఉన్నదంతా కక్కేస్తే ఖాళీ అయిపోతుందని ఆ సలహాకు కారణం చెబుతారు. సలహా మంచిదే, కారణమే సరిపోదు. దాదాపు నలభై ఏళ్ళుగా జరిగిన పరిశోధనలను వరసగా చూస్తే, దించుకోవడం దగ్గరే ఆగిన రాతకు ఫలం తక్కువనీ, దించినదాన్ని సర్దుకునే దాకా సాగిన రాతే మేలు చేస్తోందనీ కనిపిస్తుంది. వర్తకుడి భాషలో చెప్పాలంటే, చిట్టా రాసి పుస్తకం మూసినవారికీ ఆవర్జాకు ఎత్తి రాసినవారికీ మధ్య ఉన్న తేడా ఇది.

ఈ పరిశోధనలకు మొదలు 1986లో వెలువడిన ఒక ప్రయోగం. అమెరికాలోని డాలస్‌లో ఉన్న సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 46 మంది విద్యార్థులను తీసుకుని, వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున రాయించారు. కొందరికి గది ఎలా ఉంది, వేసుకున్న చెప్పులు ఎలా ఉన్నాయి వంటి మామూలు విషయాలు ఇచ్చారు. మిగిలినవారిని జీవితంలో తమను బాగా గాయపరిచిన సంఘటన గురించి రాయమన్నారు. వీరిలోనూ కొందరు జరిగింది మాత్రమే రాయాలి, కొందరు అప్పుడు కలిగిన భావాలు మాత్రమే రాయాలి, ఇంకొందరు రెండూ కలిపి రాయాలి. తరువాతి ఆరు నెలల్లో విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రానికి ఎవరెవరు ఎన్నిసార్లు వెళ్ళారో చూస్తే, జరిగినదాన్నీ దాని వల్ల కలిగిన భావాన్నీ కలిపి రాసినవారు తక్కువసార్లు వెళ్ళినట్లు తేలింది. జరిగింది మాత్రమే రాసినవారు చెప్పుల గురించి రాసినవారి కంటే పెద్దగా మెరుగుపడలేదు.

ఆ ప్రయోగంలోని మరో ఫలితాన్ని సలహాలిచ్చేవారు చాలామంది చెప్పకుండా వదిలేస్తారు. బాధ గురించి రాసినవారి మనసు రాసిన వెంటనే తేలికపడలేదు, ఇంకా బరువెక్కింది. రక్తపోటు కూడా కొంత పెరిగింది. మేలు కనిపించింది వారాలు, నెలలు గడిచాకే. ఈ సంగతి ముందే తెలియకపోతే, మొదటి రోజు రాసి, కళ్ళు తుడుచుకుని, ఇది తనకు పడేది కాదని పుస్తకం పక్కన పెట్టేసే అవకాశం ఎక్కువ. పుండును శుభ్రం చేసేటప్పుడు మంట పుడుతుంది. ఆ మంటను చూసి మందు పనిచేయలేదని తీర్మానించుకోవడం ఎంత పొరపాటో ఇదీ అంతే.

మేలు ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్నకు రాసినవారి మాటల్లోనే జవాబు దొరికింది. పెన్నెబేకర్ బృందం అనేక ప్రయోగాల్లో పోగైన రాతలను కంప్యూటర్ సహాయంతో లెక్కగట్టి, 1997లో ఆ ఫలితాలను ప్రకటించింది. మొదటి రోజు నుంచి చివరి రోజుకు వచ్చేసరికి ఎవరి రాతలో కారణాలను చూపే మాటలు, అర్థమైందని తెలిపే మాటలు పెరుగుతూ వచ్చాయో వారికే ఆరోగ్యం ఎక్కువగా మెరుగుపడింది. మొదటి రోజునే అన్నీ తెలిసినట్లు రాసినవారి కంటే, గందరగోళంగా మొదలుపెట్టి మెల్లగా ఒక కథనానికి చేరుకున్నవారికే ఎక్కువ లాభం కలిగింది. 2002లో ఫిలిప్ ఉల్‌రిచ్, సుసాన్ లట్జెన్‌డార్ఫ్ విద్యార్థులతో నెల రోజులు డైరీ రాయించినప్పుడు ఇది ఇంకా స్పష్టమైంది. భావాలతోపాటు ఆ సంఘటనను అర్థం చేసుకునే ప్రయత్నాన్ని కూడా రాసినవారు దాని వల్ల తమకు కలిగిన మంచి మార్పులను గుర్తించగలిగారు. భావాలను మాత్రమే పదేపదే రాసినవారు ఆ నెలలో ఎక్కువ శారీరక బాధలు ఉన్నాయని చెప్పారు. కక్కేస్తే ఖాళీ అవుతుందన్న నమ్మకానికి ఈ ఫలితం నేరుగా అడ్డొస్తుంది.

మనసు చికాకుగా ఉందని అన్నప్పుడు నిజానికి ఏం జరుగుతోందో కూడా చూడాలి. ఒక పని చేస్తున్నప్పుడు అవసరమైన సంగతులను కాసేపు తలలో నిలిపి ఉంచే జ్ఞాపకశక్తి చాలా ఇరుకైనది. ఒకేసారి నాలుగైదు విషయాలకు మించి అందులో పట్టవని మనస్తత్వ శాస్త్రవేత్తలు చెబుతారు. తీరని గొడవ ఒకటి అక్కడే తిష్ఠ వేసుకుని కూర్చుంటే చదువుకో, వంటకో, లెక్కకో మిగిలే చోటు తగ్గిపోతుంది. పాలు పొంగిపోవడం, వాక్యాన్ని మూడోసారి చదవాల్సి రావడం ఆ ఇరుకు వల్లే. 2001లో కిట్టీ క్లైన్, ఏడ్రియల్ బోల్స్ కొత్తగా కాలేజీలో చేరిన విద్యార్థుల చేత ఆ మార్పు గురించిన తమ ఆలోచనలను, భావాలను రాయించి, ఏడు వారాల తరువాత పరీక్షించారు. మామూలు విషయాలు రాసినవారి కంటే వీరిలో ఆ జ్ఞాపకశక్తి ఎక్కువగా పెరిగింది. ఇక్కడ కూడా కారణాలు చెప్పే మాటలు రాతలో పెరిగినవారే ముందున్నారు. ఒక సంఘటన ఒక కథగా కుదిరాక దాన్ని ముక్కలు ముక్కలుగా తలలో మోయవలసిన అవసరం ఉండదు.

తీరని గొడవల సంగతి ఇలా ఉంటే, తీరని పనుల సంగతి కొంచెం వేరు. బెర్లిన్‌లో పనిచేసిన బ్లూమా జైగార్నిక్ 1927లో, పూర్తయిన పనుల కంటే మధ్యలో ఆపిన పనులే మనుషులకు ఎక్కువగా గుర్తుంటాయని రాసింది. తరువాతి పరీక్షల్లో ఆ ఫలితం ప్రతిసారీ నిలబడలేదు. అయినా అరకొరగా వదిలిన పని మనసును లాగుతూ ఉంటుందన్నది ఎవరికైనా అనుభవమే. ఆ లాగుడు ఆగాలంటే పని పూర్తి కానవసరం లేదని 2011లో మసికాంపో, రాయ్ బౌమైస్టర్ చూపించారు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేయాలో ఖచ్చితంగా నిర్ణయించుకుంటే చాలు, అది వేరే పనికి అడ్డు రావడం మానేస్తుంది. 2018లో బేలర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్కల్లిన్ బృందం ఇదే సంగతిని నిద్రకు అన్వయించింది. 57 మందిని ప్రయోగశాలలో పడుకోబెట్టి, పడుకునే ముందు ఐదు నిమిషాలు కొందరి చేత రాబోయే రోజుల్లో చేయవలసిన పనులను, మిగిలినవారి చేత ఇప్పటికే చేసేసిన పనులను రాయించారు. చేయవలసినవి రాసినవారికి సగటున తొమ్మిది నిమిషాలు ముందే నిద్రపట్టింది. జాబితా ఎంత వివరంగా ఉంటే అంత త్వరగా నిద్రపట్టింది. ‘బ్యాంకు పని’ అని రాయడానికీ, ‘సోమవారం పదకొండింటికి వెళ్ళి అమ్మ పేరు మీద డిపాజిట్ రెన్యువల్ చేయించాలి’ అని రాయడానికీ తేడా అక్కడే ఉంది.

రోజూ రాయాలా, ఎప్పుడో ఒకసారి రాస్తే చాలా అన్న అయోమయం ఈ రెండింటినీ కలిపేయడం వల్లే పుడుతుంది. పనుల జాబితా రాత్రి పూట ఐదు నిమిషాల పని. రోజూ చేసినా విసుగు పుట్టదు, చేయకపోతే లోటు తెలుస్తుంది. గాయం గురించిన రాత అలాంటిది కాదు. పెన్నెబేకర్ పద్ధతిలో అది మూడు నాలుగు రోజుల వ్యవహారం. ఆ తరువాత ఆపేయాలి, ఆపగలగాలి. ఒకే గాయాన్ని ఏడాది పొడవునా రోజూ రాస్తూ కూర్చోవడం వల్ల మేలు జరుగుతుందని ఆ ప్రయోగాలు చెప్పలేదు.

చెప్పకపోవడమే కాదు, హాని జరిగే దారి కూడా ఉంది. జరిగినదాన్నే మళ్ళీ మళ్ళీ తవ్వుకునే అలవాటును మనస్తత్వ శాస్త్రం విడిగా గుర్తించింది. సూసన్ నోలెన్-హోక్సెమా స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల మానసిక స్థితిని కొలిచిన రెండు వారాలకు, 1989 అక్టోబరులో, ఆ ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. ఆమె అదే విద్యార్థులను మళ్ళీ కలిసి చూస్తే, ముందునుంచీ తమ బాధ చుట్టూనే తిరిగే అలవాటున్నవారు భూకంపం తరువాత వారాలు గడిచినా ఎక్కువ కుంగుబాటులో ఉన్నారు. అలాంటివారి చేతికి కలం ఇస్తే ఏమవుతుందో 2013లో డేవిడ్ స్బారా బృందం చూసింది. కొత్తగా విడిపోయిన 90 మంది భార్యాభర్తలలో కొందరి చేత తమ విడాకుల గురించి లోతుగా రాయించారు, కొందరి చేత రోజువారీ పనుల గురించి రాయించారు. తవ్వుకునే అలవాటు ఎక్కువగా ఉన్నవారికి నెలలు గడిచాక చూస్తే, లోతైన రాత కంటే రోజువారీ పనుల రాతే మేలు చేసింది. గానుగెద్దు ఎంత నడిచినా ఊరు దాటదు. మూడో రోజు రాసింది మొదటి రోజు రాసినదానికి నకలులా ఉంటే ఆ రాతను ఆపి, నడకకు వెళ్ళడమో, నమ్మకస్తులతో మాట్లాడడమో మేలు. ఆ సంగతి రాసేవారే తమ కాగితాలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే తెలిసిపోతుంది.

సంతోషానికి సంబంధించి మరో సంగతి ఉంది. 2006లో సోన్యా ల్యుబొమిర్స్కీ బృందం జరిపిన ప్రయోగాల్లో, చేదు అనుభవాన్ని ఊరికే తలచుకోవడం కంటే రాయడమో చెప్పడమో మేలు చేసింది. అత్యంత ఆనందకరమైన అనుభవం విషయంలో మాత్రం దాన్ని విడమరచి రాయడం కంటే మనసులో మళ్ళీ చూసుకోవడమే మేలుగా తేలింది. బిడ్డ తొలి అడుగును ఖాతాల కింద విడగొట్టనవసరం లేదు.

ఇంతకూ లాభం ఎంత అన్నది నిజాయితీగా చెప్పుకోవాలి. 1998లో జాషువా స్మిత్ అప్పటికి జరిగిన 13 ప్రయోగాలను కలిపి లెక్కగట్టినప్పుడు ప్రభావం చెప్పుకోదగినంతగానే కనిపించింది. మరుసటి సంవత్సరం ఆయన బృందం ఉబ్బసం, కీళ్ళవాతం ఉన్న 112 మందితో చేసిన ప్రయోగంలో, బాధాకరమైన అనుభవాల గురించి రాసినవారిలో 47 శాతం మందికి నాలుగు నెలల తరువాత వైద్యపరంగా మెరుగుదల కనిపిస్తే, మామూలు విషయాలు రాసినవారిలో అది 24 శాతమే. అయితే 2006లో జోఆన్ ఫ్రాటరోలి 146 ప్రయోగాలను కలిపి చూసేసరికి సగటు ప్రభావం చాలా చిన్నదని తేలింది. చిన్నదే అయినా ఉంది, ఖర్చు ఒక నోటు పుస్తకం. పరీక్షకు పది నిమిషాల ముందు తమ భయాలను రాసిన విద్యార్థులకు మార్కులు పెరిగాయని 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన ఫలితం బాగా ప్రచారమైంది, ఈఏపీసెట్‌కో నీట్‌కో చదివే పిల్లలకు చెప్పదగిన మాటలా కూడా అనిపిస్తుంది. అయితే సైన్స్, నేచర్ పత్రికల్లో వచ్చిన 21 ప్రయోగాలను వేరే బృందాలు తిరిగి చేసి 2018లో ఫలితాలు ప్రకటించినప్పుడు నిలబడనివాటిలో ఇదీ ఒకటి. మార్కుల ఆశ చూపి పిల్లల చేత రాయించడం తగదు.

ఏ భాషలో రాయాలన్న ప్రశ్న తెలుగువారికి చిన్నది కాదు. బడిలో రాత అంటే ఎర్ర సిరా, దస్తూరి, ఒత్తులు, మార్కులు. తెలుగులో రాయబోతే పరీక్ష పేపరు గుర్తొస్తుంది, ఇంగ్లీషులో రాయబోతే బాధ దూరంగా జరిగిపోయి దరఖాస్తు భాషలోకి మారుతుంది. వాడుక భాష కోసం అంతగా పాటుపడిన గురజాడ అప్పారావు సైతం తన డైరీలను ఎక్కువగా ఇంగ్లీషులోనే రాసుకున్నారు. చదువు నేర్పిన భాషే చేతికి ముందుగా వస్తుందనడానికి అదొక గుర్తు. మనసు కోసం రాసే రాతకు తగిన భాష, ఆ మనిషి ఇంట్లో కోపం వచ్చినప్పుడు మాట్లాడే భాషే. అది నెల్లూరు యాస కావచ్చు, కరీంనగర్ యాస కావచ్చు. బెంగళూరులోనో డాలస్‌లోనో పెరిగి తెలుగు లిపి రానివారు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న తెలుగైనా కావచ్చు. తప్పులు దిద్దేవారు ఎవరూ లేరు.

వాడుక తెలుగులో రాయడానికి ఇంకొక బలమైన కారణం ఆ భాష నిర్మాణంలోనే ఉంది. తెలుగు వాక్యం చివర చేరే చిన్న చిన్న ప్రత్యయాలు, చెప్పేవారికి ఆ సంగతి ఎంతవరకు తెలుసో దాచకుండా బయటపెడతాయి. ‘మా తోడికోడలు నన్ను తక్కువ చేసి మాట్లాడింది’ అన్న బాధ తలలో తిరుగుతున్నంత సేపూ రాయిలా గట్టిగా ఉంటుంది. రాయడానికి కూర్చుంటే, తను స్వయంగా విన్నదైతే ‘మాట్లాడింది’ అనీ, ఎవరో చెప్పగా తెలిసిందైతే ‘మాట్లాడిందట’ అనీ, తన అనుమానమే అయితే ‘మాట్లాడిందేమో’ అనీ మూడింటిలో ఒకటి ఎంచుకోక తప్పదు. బాధ మొత్తం ఒక ‘ట’ మీద నిలబడి ఉందని కాగితం మీద చూసుకున్నప్పుడు, దాని బరువు ఎంతో తిరిగి తూకం వేసుకునే వీలు కలుగుతుంది. నలుగురు ఏమనుకుంటారో అన్న భయం దాదాపు ఎప్పుడూ ‘ఏమో’తోనే ముగుస్తుంది. క్రియల చివరను కూడా చూడవచ్చు. నేను చేశాను, నేను పడ్డాను అన్న వాక్యాలతోనే నిండిన పేజీలోకి వాడు చేశాడు, వాళ్ళు భయపడ్డారు, మనం ఆగలేకపోయాం అన్న వాక్యాలు మెల్లగా వస్తున్నాయంటే, ఆ సంఘటనలో ఇతరులు కూడా మనుషులుగా కనిపించడం మొదలైందని అర్థం. రోజురోజుకూ సర్వనామాల వాడుక మారినవారికే మేలు ఎక్కువగా జరిగిందని 2003లో షెర్లాక్ క్యాంప్‌బెల్, పెన్నెబేకర్ ఇంగ్లీషు రాతల్లో గమనించారు. తెలుగులో ఆ సర్వనామం వాక్యంలో కనిపించకపోయినా క్రియకు అంటుకుని ఉంటుంది కనుక, వెతికితే దొరుకుతుంది.

ఇల్లు అంటే నలుగురు మసిలే చోటు. దిండు కింద పెట్టిన పుస్తకం మరుసటి రోజు అత్తగారి చేతిలోనో తమ్ముడి చేతిలోనో కనిపించవచ్చు. ఆ భయంతో రాసే రాత అబద్ధం చెబుతుంది, అబద్ధపు రాత వల్ల మేలేమీ లేదు. అందుకే బాధను రాసిన కాగితాన్ని దాచుకోవలసిన అవసరం లేదని ముందే అనుకోవడం మంచిది. రాసిన మరుక్షణం చింపి పొయ్యిలో వేసినా, ఫోనులో రాసి చెరిపేసినా, రాస్తున్నప్పుడు మనసు చేసిన పని చెరిగిపోదు. ఈ రాత వైద్యానికి ప్రత్యామ్నాయం మాత్రం కాదు. రోజుల తరబడి నిద్ర, ఆకలి లేకపోయినా, బతకాలనిపించకపోయినా నోటు పుస్తకంతో కాలక్షేపం చేయకుండా వైద్యులను కలవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీమానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

చింపకుండా దాచుకోదగిన కాగితాలు కూడా కొన్ని ఉన్నాయి. 2020లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన లూకస్ లాఫ్రెనియర్, మిషెల్ న్యూమన్ తీవ్రమైన ఆందోళన సమస్య ఉన్న 29 మంది చేత పది రోజులపాటు తమకు కలిగిన దిగుళ్ళను ఎప్పటికప్పుడు రాయించారు. నిజమవుతాయో లేదో తేల్చగలిగిన దిగుళ్ళను నెల రోజులు కనిపెట్టి చూడమన్నారు. వాటిలో 91 శాతం నిజం కాలేదు. ఒక్కొక్కరి లెక్క విడిగా చూస్తే అన్నిటికంటే తరచుగా కనిపించిన అంకె నూటికి నూరు, అంటే రాసుకున్న దిగుళ్ళలో ఒక్కటీ జరగలేదు. ఎవరి దిగుళ్ళు ఎక్కువగా అబద్ధమయ్యాయో వారి ఆందోళన, ఈ రాతే చికిత్సగా సాగిన ఆ ప్రయోగం తరువాత ఎక్కువగా తగ్గింది. తలలో ఉన్న దిగులుకు తేదీ ఉండదు. జరగకపోయినా అది రద్దు కాదు, రూపం మార్చుకుని మరో దిగులుగా మళ్ళీ వస్తుంది. ‘పదిహేనో తారీకు లోపల ఇంటాయన ఖాళీ చేయమంటాడేమో’ అని పుస్తకంలో రాసి ఉంటే, పదహారో తారీకున ఆ పేజీ తెరిచి, ఆ పద్దు ఎదురుగా ‘అనలేదు’ అని రాసి, కింద గీత గీయవచ్చు.